మిషన్లు వచ్చాయి, కనిపెట్టి ఉండేదెవరు?

ఉద్దానం పల్లెల్లో వారానికి రెండు మూడు రోజులు కోడి కూయకముందే లేచి, సంచిలో ఇంత అన్నం కట్టుకుని, బస్సుకో ఆటోకో ఎదురుచూసే మనుషులున్నారు. వారు సంతకు పోయేవారు కారు, కూలికి పోయేవారు కారు. డయాలసిస్ కేంద్రానికి వెళ్లి, నాలుగు గంటలు మంచం మీద పడుకుని, మిషను చేత రక్తం కడిగించుకుని, నీరసంతో తూలుతూ ఇల్లు చేరేవారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ దృశ్యం కొత్తది కాదు. కొబ్బరికీ, జీడికీ, పనసకూ పేరుపడ్డ ఈ నేలలో పుట్టి, పెరటి చెట్టు కొబ్బరి బొండాం సైతం తాగకూడదని డాక్టరు చేత చెప్పించుకోవలసిన దుస్థితి కిడ్నీ జబ్బు మనిషిది. ఈ జబ్బు ఇక్కడే ఇంతగా ఎందుకు వస్తున్నదో ఎన్ని పరిశోధనలు జరిగినా ఇప్పటికీ తేలలేదు. కారణం తేలేవరకు ఆగమంటే జబ్బు ఆగదు. కిడ్నీలు పూర్తిగా పాడైనవారికి, కిడ్నీ మార్పిడి అయ్యే వీలు లేనివారికి, డయాలసిస్ ఒక్కటే ఆధారం.

ఈ విషయంలో ప్రభుత్వాలు ఏమీ చేయలేదంటే అది అన్యాయమే అవుతుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో పేదవానికి డయాలసిస్ ఉచితంగా అందే దారి ఏర్పడింది. 2016లో కేంద్ర ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల్లో డయాలసిస్ కోసం జాతీయ కార్యక్రమం ప్రకటించింది. శ్రీకాకుళం వరకు పోనవసరం లేకుండా టెక్కలి, పలాస, సోంపేట, తర్వాత కవిటి, హరిపురం వంటి చోట్ల కేంద్రాలు వెలిశాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను అందుతున్నది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తెచ్చే పథకం కూడా అదే రోజున ప్రారంభమైంది. ఇవేవీ ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి ఈ ప్రాంత ప్రజలు మొరపెట్టుకున్నందువల్ల వచ్చాయి.

అయితే ఒక్క ప్రశ్న మిగిలే ఉంది. భవనానికి రిబ్బను కత్తిరించినవారు ఆ సాయంత్రమే వెళ్లిపోతారు. మిషను మాత్రం మర్నాటి నుంచి రోజుకు రెండు మూడు విడతలుగా ఏళ్ల తరబడి తిరగాలి. దానిని తిప్పే టెక్నీషియన్ పనిని చూసేదెవరు? మిషనులోకి పోయే నీటిని పరీక్షించేదెవరు? పరీక్షించినట్టు రాసిన పుస్తకాన్ని తెరచి చదివేదెవరు? మిషన్ల సంఖ్య ఎంతో అడిగితే ప్రతి అధికారీ చెప్పగలడు. ఈ మూడు ప్రశ్నలకు అంత తడుముకోకుండా జవాబు రావాలి. రాకపోతే రోగి ప్రాణం గాలిలో దీపమే.

నాలుగు గంటల్లో 120 లీటర్లు

డయాలసిస్‌లో జరిగేదేమిటో తెలిస్తే పర్యవేక్షణ అవసరం దానంతటదే బోధపడుతుంది. రోగి చేతి రక్తనాళంలో రెండు సూదులు గుచ్చుతారు. ఒక సూది నుంచి నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం గొట్టం గుండా బయటకు వస్తుంది, ఫిల్టరులోకి పోయి శుభ్రపడి, రెండో సూది గుండా తిరిగి ఒంట్లోకి చేరుతుంది. ఫిల్టరు లోపల సన్నని బోలు పోగులు వేలాదిగా ఉంటాయి. పోగు లోపల రక్తం, పోగు బయట శుద్ధి చేసిన నీటిలో లవణాలు కలిపిన ద్రవం ప్రవహిస్తాయి. రక్తంలోని మలినాలు పలుచని ఆ పోగు గోడను దాటి ద్రవంలోకి వచ్చేస్తాయి.

మలినాలు ఇటు వచ్చిన దారినే నీటిలోని విషాలు అటు పోగలవు. ఇదే అసలు సంగతి. ఆ ద్రవం నిమిషానికి అర లీటరు చొప్పున పారుతుంది. అంటే నాలుగు గంటల్లో 120 లీటర్లు. ఆరోగ్యవంతుడు రోజుకు తాగేది రెండు మూడు లీటర్లు. ఆ కాస్త నీటిలో ఏదైనా చెడు ఉన్నా కడుపూ పేగులూ కొంత అడ్డుకుంటాయి, మిగిలిన దానిని కిడ్నీలు బయటకు నెట్టేస్తాయి. డయాలసిస్ రోగికి ఈ రెండు కాపలాలూ లేవు. వారానికి మూడుసార్లు చేయించుకునే మనిషి రక్తానికి ఏడాదిలో 18,000 లీటర్లకు పైగా నీరు ఎదురవుతుంది.

అందుకే తాగడానికి మంచిదైన నీరు డయాలసిస్‌కు మంచిది కాదు. ఇది చాలామందికి తెలియని విషయం. తాగునీటిలో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం చెబుతుంది. డయాలసిస్ నీటిలోనైతే అది 0.1 మిల్లీగ్రాము దాటరాదు. దాటితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ క్లోరిన్‌ను పట్టి ఉంచడానికే ఆర్.ఓ. ప్లాంటుకు ముందు బొగ్గు ట్యాంకులు పెడతారు. బొగ్గు శక్తి ఉడిగిపోయినా ట్యాంకు పైకి కొత్తదానిలాగే కనబడుతుంది. ప్రతి విడతకు ముందు నీటిని పట్టి పరీక్షిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఈ మాట ఉద్దానానికి ఇప్పుడు మరీ ముఖ్యం. బోరు నీటిపై నడిచిన కేంద్రానికి క్లోరిన్ కలిపిన పైపు నీరు వస్తే, అది ఊరికి మేలే కాని డయాలసిస్ ప్లాంటుకు కొత్త పరీక్ష. నీరు మారిన రోజునే ప్లాంటు తనిఖీ కూడా మారాలి. నీటి పథకం ఇంజనీరు ఆసుపత్రి సూపరింటెండెంటుకు ముందుగా ఒక్క కబురు చెప్పడం, సూపరింటెండెంటు టెక్నీషియన్‌ను హెచ్చరించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కాని అది ఎవరి పనో కాగితం మీద ఉండాలి.

నీటి విషయంలో ఏమరుపాటు ఎంతటి ఘోరానికి దారితీస్తుందో 1996లో బ్రెజిల్ దేశం చూసింది. అక్కడి కరువారు పట్టణంలోని ఒక డయాలసిస్ కేంద్రానికి వేసవిలో నీరు చాలక, జలాశయం నీటిని సరిగా శుద్ధి చేయకుండానే ట్యాంకర్లలో తెచ్చి పోశారు. ఆ నీటిలో పెరిగిన ఒక రకం నాచు విడిచిన విషం రోగుల రక్తంలోకి చేరింది. 130 మంది రోగులలో 116 మంది జబ్బుపడ్డారు. కాలేయం దెబ్బతిని 50 మందికి పైగా మరణించారు. వారంతా మిషను తమ ప్రాణం నిలుపుతుందని నమ్మి మంచమెక్కినవారే. మన జిల్లాలో వేసవి వస్తే ట్యాంకరు నీరు ఎంత మామూలో చెప్పనవసరం లేదు. ఏ కేంద్రమైనా ట్యాంకరు నీరు పోయించుకునే రోజున, ఆ నీరు ఎక్కడిదో రిజిస్టరులో రాసి, పరీక్ష జరిగిన తర్వాతనే మిషను నడపాలి.

నీరొకరిది, ప్లాంటొకరిది

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని డయాలసిస్ కేంద్రాలు చాలావరకు ప్రైవేటు సంస్థల భాగస్వామ్యంతో నడుస్తున్నాయి. జాతీయ కార్యక్రమం ఏర్పాటు ప్రకారం గది, కరెంటు, నీరు ఆసుపత్రివి. మిషన్లు, ఆర్.ఓ. ప్లాంటు, ఫిల్టర్లు, సిబ్బంది సంస్థవి. ఈ పద్ధతి వల్లనే కేంద్రాలు త్వరగా విస్తరించాయన్నది కాదనలేని నిజం. కాని చిక్కు కూడా ఇక్కడే ఉంది. నీరు ఆసుపత్రిది, ప్లాంటు సంస్థది, ప్రాణం రోగిది. చలీ జ్వరంతో రోగి వణికిపోయిన నాడు నీరు బాగాలేదని సంస్థ, ప్లాంటు బాగాలేదని ఆసుపత్రి చెప్పుకోవడానికి సందు ఉండకూడదు.

మరొక విషయం గమనించాలి. సంస్థకు చెల్లింపు జరిగేది డయాలసిస్‌ల లెక్క మీద. ఎన్ని చేస్తే అంత బిల్లు. ఎంత బాగా చేశారన్నది బిల్లులో ఉండదు. ఈ లెక్క ఎవరినీ దొంగను చేయదు గాని, తొందరను మాత్రం పెంచుతుంది. ఒక విడత రోగి దిగగానే మిషనును రసాయనంతోనో వేడితోనో శుద్ధి చేయాలి. బయట మూడో విడత రోగి తన వంతు కోసం కూర్చుని ఉంటాడు. ఆఖరి బస్సు వెళ్లిపోతుందని తొందరపెడతాడు. ఆ ఒత్తిడిలో పావుగంట మిగుల్చుకోవాలన్న ఆశ పుట్టడం సహజం. దానికి అడ్డుకట్ట వేసేదే పర్యవేక్షణ.

ఆ పావుగంట విలువ చిన్నది కాదు. ఒకరి రక్తం మరొకరికి తగిలే ప్రమాదం ఎక్కడైనా ఉన్నదంటే అది డయాలసిస్ గదిలోనే. హెపటైటిస్ బి ఉన్న రోగికి విడిగా మిషను, విడిగా స్థలం ఉండాలి. ప్రతి రోగికి హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షలు మొదట్లోనూ, తర్వాత గడువు ప్రకారమూ జరగాలి. ఒక రోగి నుంచి మరొక రోగి దగ్గరకు పోయేముందు చేతి తొడుగులు మార్చాలి. ఒకే ఫిల్టరును కడిగి అదే రోగికి మళ్లీ వాడే చోట దానిపై పేరు, వాడిన తేదీలు స్పష్టంగా ఉండాలి. లోపలి పరిమాణం మొదటి దానిలో 80 శాతం కంటే తగ్గిన ఫిల్టరును పారేయాలి. కడిగిన మందు అందులో మిగిలి లేదని పరీక్షించిన తర్వాతే రక్తాన్ని ఎక్కించాలి. ఒకే ఇంటిపేరు గల మనుషులు పదుల సంఖ్యలో ఉండే పల్లెల్లో ఫిల్టరు మీద పేరు చూసేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పాలా?

టెక్నీషియన్‌ను తిడితే సరిపోదు

పర్యవేక్షణ అంటే టెక్నీషియన్‌ను అనుమానించడం కాదు. డయాలసిస్ గదిలో రోగికి అందరికంటే దగ్గరగా ఉండే మనిషి అతడే. బరువు చూసేది, బి.పి. చూసేది, సూది గుచ్చేది, ఎంత నీరు తీయాలో మిషనుకు చెప్పేది అతడే. బి.పి. ఒక్కసారిగా పడిపోతే కాళ్లు ఎత్తి పెట్టి సెలైను ఎక్కించేది కూడా అతడే. గొట్టంలో గాలి చేరినా, ఫిల్టరులో పోగు తెగి రక్తం కారినా, ద్రవంలో లవణాల పాలు తప్పినా మిషను అలారం మోగిస్తుంది. కాని ఆ అలారం వినడానికి ఒక మనిషి ఉండాలి. అతని చేతి కింద మోయలేనన్ని మిషన్లు పెట్టి, ఒకే పూట నాలుగు అలారాలు మోగినప్పుడు ఒకటి నొక్కేశాడని నిందిస్తే దోషం అతనిది కాదు, అలా పెట్టినవారిది.

అందుకని మొదట చూడవలసినది ఎందరు టెక్నీషియన్లు ఉన్నారు, వారి చదువేమిటి అన్నది. పారామెడికల్ బోర్డు గుర్తించిన డయాలసిస్ కోర్సు చదివినవారే సూది పట్టాలి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం డయాలసిస్ టెక్నాలజిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. చదువుకు, రిజిస్ట్రేషన్‌కు నియమాలు విధించింది. ఆ చట్టం ఉద్దేశం కేంద్రం గడప దాటి లోపలికి రావాలి. చూసి నేర్చుకున్న కుర్రవాడి చేత పని నడిపించడం రోగికే కాదు, ఆ కుర్రవాడికీ అపకారమే. జీతం నెలనెలా అందుతున్నదా, హెపటైటిస్ బి టీకా వేయించారా, సెలవు పెట్టినప్పుడు బదులు మనిషి వస్తున్నాడా అన్నవి కూడా పర్యవేక్షణలో భాగమే. అలసిన చేయి తప్పు చేయకుండా ఉండదు.

అతని పైన ఒక సీనియరు టెక్నీషియన్, వారిద్దరిపైన డ్యూటీ డాక్టరు, అందరిపైన కిడ్నీ వైద్య నిపుణుడు ఉండటం పద్ధతి. నిపుణుడు రోజూ పల్లె కేంద్రానికి రాలేకపోవచ్చు. కాని వచ్చే రోజేదో ముందుగా తెలియాలి. వచ్చిన రోజున రోగులను చూసి వెళ్లడంతో సరిపెట్టక, మిషన్ల రిజిస్టరు, నీటి రిజిస్టరు కూడా చూసి సంతకం పెట్టాలి. డ్యూటీ డాక్టరు వేరే వార్డులో ఉండి ఫోనులో చెప్పే సలహా, రోగి పక్కన నిలబడి చూసే చూపుకు సాటి రాదు.

తుపాను చెప్పి రాదా?

డయాలసిస్‌లో వంతు తప్పితే వాయిదా వేసుకోవడానికి అది ఇల్లు సున్నం కొట్టుకోవడం వంటి పని కాదు. రెండు వంతులు తప్పితే ఒంట్లో నీరు పేరుకుని ఆయాసం వస్తుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి చెడిన మిషను ఎన్ని రోజుల్లో బాగవుతుంది, అంతవరకు రోగులను ఏ కేంద్రానికి పంపుతారు అన్నవి ముందే నిర్ణయమై ఉండాలి. ఒక మిషను అదనంగా సిద్ధంగా ఉంచుకోవడం వృథా ఖర్చు కాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలి, అనేక గ్రామాలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి. అటువంటి రోజుల్లో డయాలసిస్ రోగి పరిస్థితి ఏమిటి? సముద్రం ఒడ్డున ఉన్న జిల్లాలో తుపాను హెచ్చరిక కొన్ని రోజుల ముందే వస్తుంది. హెచ్చరిక రాగానే రోగులను ఒక వంతు ముందుగా పిలిపించడం, జనరేటరుకు డీజిలు నింపడం, నీటి ట్యాంకులు నిండా పెట్టడం, కేంద్రానికి దూరంగా ఉన్నవారి పేర్లూ ఊళ్లూ తహసీల్దారుకు ఇవ్వడం సాధ్యమే. గర్భిణులను తుపానుకు ముందే ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేయగలిగినప్పుడు డయాలసిస్ రోగుల విషయంలోనూ అదే పని చేయవచ్చు.

చేయవలసినది కొంచెమే

కోట్ల రూపాయలు మళ్లీ అడగనవసరం లేదు. ప్రతి డయాలసిస్ కేంద్రం గుమ్మం దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. మిషన్లు ఎన్ని, ఇవాళ పనిచేస్తున్నవి ఎన్ని, నీటిని కిందటిసారి పరీక్షించిన తేదీ ఏది, ఫలితం ఏమిటి, ఇవాళ డ్యూటీ డాక్టరు ఎవరు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్న ఆరు వరుసలు దానిపై ఉంటే చాలు. నీటిలో సూక్ష్మజీవుల పరీక్ష నెలనెలా జరగాలి. ఒక మిల్లీలీటరులో వాటి సంఖ్య 100 చేరకుండా ఉండాలన్నది ప్రమాణం. ఈ పరీక్షను కేంద్రం నడిపే సంస్థ ఒక్కటే చేసుకోక, బయటి ప్రయోగశాల చేత కూడా చేయించాలి.

రోజువారీ రిజిస్టరుపై డ్యూటీ డాక్టరు, వారానికొకసారి సూపరింటెండెంటు సంతకం చేయాలి. ఆ సంతకాలూ నీటి పరీక్ష కాగితమూ జతచేయని బిల్లు పాస్ కాకూడదు. ఈ ఒక్క నియమం పెడితే మిగతా నియమాలు వాటంతటవే నడుస్తాయి. జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి చెప్పకుండా వచ్చి తనిఖీ చేయాలి. చెప్పి వచ్చిన తనిఖీ పెళ్లిచూపుల వంటిది. అన్నీ బాగానే కనబడతాయి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాల్లో ఫ్యానులూ ప్రహరీగోడలతో పాటు డయాలసిస్ నీటి ఫలితం కూడా ఒక అంశంగా చర్చకు రావాలి. ఆ సంఘంలో డయాలసిస్ చేయించుకునే రోగి ఒకరికి చోటివ్వడం ఇంకా మంచిది.

గ్రామస్థుల వంతు కూడా ఉంది. మిషను గదిలో జరిగేది మనకేం తెలుస్తుందని వెనకడుగు వేయనవసరం లేదు. నీటిని ఎప్పుడు పరీక్షించారని మర్యాదగా అడగడానికి డాక్టరు చదువు అక్కరలేదు. ఫిల్టరు మీద తన పేరుందో లేదో రోగే చూసుకోవచ్చు. మిషను మొదలైన కొద్దిసేపటికి చలి పుట్టినా, వాంతి వచ్చినా, మూత్రం రంగు మారినా ఓర్చుకుని పడుకోక వెంటనే చెప్పాలి. ఒకే పూట ఇద్దరు ముగ్గురికి అలా అయితే సంగతి మిషనుదో నీటిదో అయి ఉంటుందని తోడు వెళ్లినవారు గ్రహించి డాక్టరును పిలిపించాలి. ఫిస్టులా ఉన్న చేతికి బి.పి. పట్టీ కట్టనీయరాదు, వేరే సూది వేయనీయరాదు. వంతు తప్పకుండా వేళకు రావడం, మధ్య రోజుల్లో నీళ్లు కొలత ప్రకారం తాగడం రోగి చేతిలోని పని. టెక్నీషియన్‌తో తగవు పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అడగవలసినది అతని పైవారిని.

ఉద్దానం రోగి మిషను మీద మంచమెక్కినప్పుడు తన ఒంట్లోని రక్తాన్ని నమ్మకంతో అప్పగిస్తున్నాడు. గదిలో ఎన్ని మిషన్లు ఉన్నాయో అతనికి అక్కరలేదు. తనకు పెట్టిన మిషను శుభ్రంగా ఉన్నదా, దానిలోకి వచ్చే నీరు మంచిదా, దాని పక్కన నిలబడ్డ మనిషికి పని తెలుసా అన్నవే అతనికి కావాలి. వీటికి ప్రతి కేంద్రంలోనూ, ప్రతి విడతలోనూ, సంతకంతో సహా జవాబు ఉండేలా చూడటం జిల్లా యంత్రాంగం బాధ్యత. మిషన్లు తెచ్చినవారికి ఆ బాధ్యత బరువు కాకూడదు. రానున్న వేసవికి ముందే, ట్యాంకర్లు రోడ్డెక్కకముందే, ఆ బోర్డులు గుమ్మాలకు ఎక్కాలి.